ఇంటి సబ్బుకు ఏ నీరు?

ఇటీవలి కాలంలో విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక కొత్త వ్యాపకం కనబడుతున్నది. సెలవు రోజు మధ్యాహ్నం వంటగదిలో కొబ్బరినూనె, ఆలివ్ నూనె, ఆముదం తూచి, కాస్టిక్ సోడా ద్రావణం కలిపి, స్నానానికి కావలసిన సబ్బును స్వయంగా తయారుచేసుకుంటున్నారు. ఈ విద్య చాలా తెలుగు ఇళ్ళకు వారసత్వంగా వచ్చినది కాదు. అక్కడ ఇంట్లో విసురుకునేది సున్నిపిండి, చితక్కొట్టుకునేది కుంకుడుకాయ. సబ్బు అంగడిలో కొనుక్కునే వస్తువు. పరాయిదేశంలో నేర్చుకున్న ఈ విద్యను కొందరు పసిపిల్లల సున్నితమైన చర్మం కోసమని, కొందరు దీపావళికి స్నేహితులకు కానుకగా ఇవ్వాలని, మరికొందరు సంఘాల వేడుకలలో చిన్న దుకాణం పెట్టి అమ్మాలని సాధన చేస్తున్నారు. స్వయంగా చేసుకోవడంలోని తృప్తి ఏ అంగడిలోనూ దొరకదు కనుక ఇది హర్షించదగినదే.

అయితే ఈ తయారీలో ఒక విచిత్రం ఉన్నది. నూనెల విషయంలో వీరు చేసే విచారణకు అంతులేదు. ఏ నూనె గట్టిదనం ఇస్తుంది, ఏది నురగ ఇస్తుంది అని చదివి, గ్రాము తేడా రాకుండా తూస్తారు. నీటి వద్దకు వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ మాయమవుతుంది. కొందరు కుళాయి తిప్పి పట్టిన నీటినే పోస్తారు. కొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, పర్వతాల ఊటనీరు, ఖనిజజలం, పన్నీరు, చివరకు పూజగదిలోని గంగాజలం కూడా తెచ్చి పోస్తారు. ఈ రెండు పద్ధతులకూ మూలం ఒక్కటే. సబ్బు తయారీలో నీరు చేసే పని ఏమిటన్న ప్రశ్న వేసుకోకపోవడమే ఆ మూలం.

ఆ ప్రశ్న వేసుకుంటే తేలే సమాధానం ఇది: సబ్బు చేయడానికి ఏమీ లేని నీరే మంచి నీరు. కారణం మాత్రం సామాన్యంగా చెప్పుకునేది కాదు. చాలామంది భయపడే కాఠిన్యం వలన సబ్బు గిన్నెలో జరిగే నష్టం అత్యల్పం. ఎవరూ తలచుకోని రాగి, ఇనుము అక్కడ అసలు శత్రువులు. కాఠిన్యం తన ప్రతాపం చూపేది స్నానాలగదిలో. ఈ తేడా తెలియనందువల్ల డబ్బు, శ్రమ, ఒక్కొక్కప్పుడు పసివాళ్ళ చర్మానికి కావలసిన సరైన చికిత్స కూడా దారి తప్పుతున్నాయి.

నీటి ఉద్యోగం

నూనెకూ క్షారానికీ మధ్య జరిగే చర్యలో సబ్బు, గ్లిజరిన్ పుడతాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా విశదపరచినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్. కొవ్వులపై ఆయన గ్రంథం 1823లో వెలువడింది. ఈ చర్యలో నీరు ఖర్చు కాదు. గట్టి గుళికలుగా ఉండే కాస్టిక్ సోడాను కరిగించి, నూనెలోని ప్రతి బొట్టు వద్దకూ చేర్చడమే దాని ఉద్యోగం. పని పూర్తి అయిన తరువాత నాలుగు నుంచి ఆరు వారాలపాటు సబ్బును ఆరబెడతారు. అప్పుడు నీటిలో చాలా భాగం ఆవిరై గాలిలో కలుస్తుంది.

ఇక్కడే గ్రహించవలసిన విషయం ఉన్నది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఆ నీటిలో కరిగి ఉన్న లవణాలు, లోహాలు సబ్బులోనే మిగిలిపోతాయి. బంగాళాఖాతపు ఒడ్డున ఉప్పుమడిలో నీరు ఎండిపోయి ఉప్పు మిగిలినట్లే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి నీటిని ఎన్నుకోవడమంటే, నీరు వెళ్ళిపోయాక సబ్బులో ఏమి మిగలాలో ఎన్నుకోవడమే.

కాఠిన్యం లెక్క

కఠినజలం అంటే ఏమిటో తెలుగువారికి ప్రయోగశాలలో చెప్పనక్కరలేదు. బోరు నీటిలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదని, చెరువు నీరు పోస్తే మెత్తగా ఉడుకుతుందని పల్లెల్లో ప్రతి ఇల్లాలికీ తెలుసు. పప్పు ఉడకనివ్వనివి, సబ్బు నురగనివ్వనివి ఒకే పదార్థాలు: కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పప్పులోని పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా పట్టుకుంటుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిస్తే నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున, స్నానపు తొట్టి గోడపైన తెల్లగా, జిడ్డుగా కట్టే వలయం అదే.

కాఠిన్యాన్ని లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అన్న లెక్కలో చెబుతారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వర్గీకరణలో 60 వరకు మృదుజలం. 61 నుంచి 120 వరకు ఒక మోస్తరు కఠినం. 121 నుంచి 180 వరకు కఠినం. ఆపైన మిక్కిలి కఠినం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి 200 వరకు ఆమోదించి, వేరే నీటి ఆధారం లేనిచోట 600 వరకు అనుమతించింది. న్యూయార్క్, సియాటిల్ నగరాలకు కొండప్రాంతాల నుంచి వచ్చే నీరు మృదువైనది. సున్నపురాతి పొరలలోనుంచి వచ్చే శాన్ ఆంటోనియో నీరు, కొలరాడో నదిపై ఆధారపడిన లాస్ వేగస్ నీరు కఠినమైనవి. బ్రిటన్‌లో గ్లాస్గో నీరు మృదువు, లండన్ నీరు కఠినం.

ఇప్పుడు లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీటితో ఒకరు సబ్బు చేశారనుకొందాం. 500 గ్రాముల నూనెకు, ఏ నూనెలు అన్నదానిని బట్టి, సుమారు 70 గ్రాముల కాస్టిక్ సోడా, 140 నుంచి 190 గ్రాముల వరకు నీరు పడుతుంది. 190 గ్రాముల నీటిలోని కాల్షియం అంతా సబ్బుతో కలిసిపోయినా, తెట్టుగా మారే సబ్బు గ్రాములో మూడోవంతు మాత్రమే. తయారయ్యే సబ్బు 500 గ్రాములకు పైమాట. అంటే నష్టం వెయ్యింట ఒక వంతు కూడా లేదు. నూనె గిన్నె అంచుకు అంటుకొని పోయేది ఇంతకంటే ఎక్కువ.

కఠినజలంతో చేసిన సబ్బు నురగదని, మెత్తబడుతుందని తరచుగా వినబడే మాటకు ఈ లెక్క ముందు బలం లేదు. మిక్కిలి కఠినమైన నీటిలో సోడా వేసినప్పుడు ద్రావణం తెల్లగా మసకబారవచ్చు. అది మెగ్నీషియం హైడ్రాక్సైడు, కాల్షియం కార్బొనేటుల అవక్షేపం. గాలి తగిలి పాతబడిన సోడా వలన కూడా అటువంటి మసక వస్తుంది. చూడడానికి బాగుండదు కాని, సబ్బును పాడుచేయదు. దీనికోసం భయపడవలసిన పని లేదు.

రాగి, ఇనుము

మరి భయపడవలసినది దేనికి? మూడు నాలుగు నెలలు గడిచాక ఇంటి సబ్బుపైన నారింజ రంగు మచ్చలు పుట్టడం, కమురు వాసన రావడం చాలామందికి అనుభవమే. నూనె పాతదని కొందరు, తేమ ఎక్కువైనదని కొందరు అనుకుంటారు. అవీ కారణాలే. కాని నూనె కమురెక్కడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో నూనె కలవడం. ఆ చర్యను వేగపరచే ఉత్ప్రేరకాలలో రాగి, ఇనుము, మాంగనీసు ముఖ్యమైనవి. ఉత్ప్రేరకం తాను ఖర్చు కాకుండా పని చేయించేది కనుక దాని పరిమాణం ఎంత స్వల్పమైనా చాలు. కాఠిన్యం విషయంలో నష్టం పరిమాణాన్ని బట్టి ఉంటే, ఇక్కడ ఒక చిటికెలో వెయ్యోవంతు కూడా వారాలు, నెలలపాటు తన పని చేస్తూనే ఉంటుంది.

ఇంటి సబ్బులో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. చర్మానికి మెత్తగా ఉండాలని సోడాకు లొంగని నూనెను నూటికి ఐదువంతుల వరకు కావాలనే మిగులుస్తారు. ఆ మిగులు నూనె ఆక్సీకరణానికి సిద్ధంగా ఉంటుంది. పొద్దుతిరుగుడు, సోయా వంటి నూనెలలో అధికంగా ఉండే లినోలియిక్ ఆమ్లం, ఆలివ్ నూనెలో ప్రధానమైన ఓలియిక్ ఆమ్లం కంటే ఎన్నో రెట్లు త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. కొబ్బరినూనెలో సంతృప్త ఆమ్లాలే ఎక్కువ కనుక అది చాలాకాలం నిలుస్తుంది.

అమెరికా పర్యావరణ సంస్థ కుళాయి నీటిలో రాగికి నిర్ణయించిన చర్యా పరిమితి లీటరుకు 1.3 మిల్లీగ్రాములు. అంతకు లోబడి ఉన్న నీరు రాగి విషయంలో ఆ నిబంధన దాటినట్లు కాదు. అదే మోతాదు రాగి గల నీటిని 190 గ్రాములు సబ్బులో పోస్తే, కిలో నూనెకు దాదాపు అర మిల్లీగ్రాము రాగి చేరినట్లు లెక్క తేలుతుంది. శుద్ధిచేసిన వంటనూనెలలో రాగి కిలోకు 0.1 మిల్లీగ్రామును మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. నూనె నిలవ ఉండాలనే ఆ హద్దు. కొని తెచ్చిన మంచి నూనెకు ఐదు రెట్లు రాగిని ఇంటి కుళాయి నుంచే కలిపినట్లయింది. నీరు తాగడానికి పనికివచ్చినంత మాత్రాన సబ్బుకు పనికిరానక్కరలేదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

అమెరికాలో చాలా ఇళ్ళలో నీటి గొట్టాలు రాగివే. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలో రాగి ఎక్కువగా కరుగుతుంది. ఉదయం లేవగానే పట్టిన మొదటి చెంబెడు నీరు సబ్బుకు అన్నిటికంటే చెడ్డ నీరు. సొంత బావులున్న ఇళ్ళలో ఇనుము, మాంగనీసుల బెడద ఉంటుంది. తెల్లని పింగాణీపై ఎర్రని చార కట్టే నీటిని సబ్బుకు వాడరాదు.

ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. రాగిచెంబులో రాత్రి నిలవచేసిన నీరు ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకంతో ఆ నీటినే సబ్బుకు కూడా వాడేవారున్నారు. తాగే విషయం ఎలా ఉన్నా, సబ్బు గిన్నెలోకి మాత్రం ఆ నీరు రాకూడదు. ఇత్తడి గిన్నె, ఇత్తడి గరిటె కూడా పనికిరావు.

ఏ నీరు, ఎందుకు

ఇక ఒక్కొక్క నీటినే పరిశీలిద్దాం.

స్వేదనజలం ఆవిరిని చల్లార్చి పట్టినది. లవణాలు, లోహాలు వెనుకనే ఉండిపోతాయి. అమెరికాలో దీనిని ప్రతి పెద్ద అంగడిలోనూ గ్యాలన్ సీసాలలో అమ్ముతారు; ధర ఒకటి రెండు డాలర్లు. ఒక గ్యాలన్‌తో ఇంతకుముందు చెప్పిన పరిమాణంలో ఇరవై విడతల సబ్బు చేయవచ్చు. విడతకు పడే ఖర్చు పది సెంట్ల లోపు. అంతకు పది రెట్ల ఖరీదైన నూనెను కాపాడడానికి ఇది చాలా చౌక.

వంటగదిలో అమర్చుకునే ఆర్.ఓ. యంత్రపు నీరు కూడా మంచిదే. అయితే రుచి కోసం చివరలో ఖనిజాలను తిరిగి కలిపే గొట్టం కొన్ని యంత్రాలలో ఉంటుంది. దానికి ముందు పట్టిన నీరు శ్రేష్ఠం.

ఉప్పు పోసి నడిపే మృదుజల యంత్రం అయాన్ల వినిమయంతో పనిచేస్తుంది. కాల్షియం, మెగ్నీషియంలను తీసుకొని సోడియంను వదులుతుంది. ఆ సోడియం వలన సబ్బుకు హాని లేదు. కాని యంత్రం దాటిన తరువాత ఇంటి రాగి గొట్టాలలో కరిగే రాగిని అది ఆపలేదు. కనుక ఆ నీరు స్నానానికి ఎంతో మేలు, సబ్బు తయారీకి మధ్యమం.

కాచి చల్లార్చిన నీరు శుద్ధమని అనుకోవడం పరిపాటి. కాచడం వలన సూక్ష్మజీవులు చస్తాయి. బైకార్బొనేట్ల వలన కలిగే తాత్కాలిక కాఠిన్యం అడుగున సున్నంగా దిగుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగే శాశ్వత కాఠిన్యం పోదు. లోహాలూ పోవు, నీరు ఇగిరిన కొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది.

వాననీరు స్వభావతః మృదువు. పూర్వం బూడిద నుంచి క్షారం తీసి సబ్బు కాచుకున్న అమెరికా గ్రామీణులు వాననీటినే వాడేవారు. నేటి ఇంటి పైకప్పు, లోహపు తూముల మీదుగా జారిన వాననీటికి ఆ హామీ లేదు.

గల్ఫ్ దేశాలలో ఎయిర్ కండిషనర్ నుంచి కారే నీటిని స్వేదనజలంగా భావించి వాడుకోవచ్చుననే ఆలోచన కొందరికి రావచ్చు. ఆవిరి చల్లారి పుట్టిన నీరే కాని, అది రాగి, అల్యూమినియం చుట్టలపైనుంచి జారి, దుమ్ముతో కలిసి వస్తుంది. సబ్బుకు వాడకపోవడమే మంచిది.

ఖనిజజలం పేరులోనే దోషం చెప్పుకుంటున్నది. సీసాలో వచ్చే ఊటనీళ్ళలో కొన్నిటి కాఠిన్యం కుళాయి నీటికంటే ఎక్కువ. వాటిని తాగడానికి ఇష్టపడేది ఆ ఖనిజాల రుచి కోసమే. ఎక్కువ ధర పెట్టి ఖనిజాలను కొని సబ్బులో కలపడంలో అర్థం లేదు.

పన్నీరు, కొబ్బరినీరు, పాలు పోసే ఆచారం కూడా ఉన్నది. కాస్టిక్ సోడా ద్రావణం అత్యంత తీక్ష్ణమైన క్షారం; దానిలో సోడా కరిగేటప్పుడు పుట్టే వేడి చేయి కాలేంత ఉంటుంది. పన్నీటిలోని స్వల్పమైన పరిమళం అందులో చాలావరకు నిలువదు. పాలలోని, కొబ్బరినీటిలోని చక్కెరలు ఆ వేడికి మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ రంగు కావాలనుకున్నవారు వాడుకోవచ్చు. పోషకాలు చర్మానికి అందుతాయని అనుకోవడం మాత్రం వృథా.

గంగాజలం సంగతి వేరు. దాని విలువ భక్తికి సంబంధించినది. దానితో రసాయన శాస్త్రానికి తగవు లేదు. కాని నదీజలంలో లవణాలు, ఒండ్రు ఉంటాయన్నది నిజం. పవిత్రమని భావించే నీటిని ఒంటి మురికిని వదిలించే వస్తువులో కలపడం భక్తికి కూడా తగునా అన్నది భక్తులే ఆలోచించుకోవాలి.

ఒక హెచ్చరిక అవసరం. సబ్బుకు మంచి నీరు అంటే ఒంటికి మంచి నీరని కాదు. ఫ్లోరైడు అధికంగా ఉండే భూగర్భజలాలలో కాల్షియం తక్కువగా ఉండడం సాధారణం. అటువంటి నీటిలో సబ్బు చక్కగా నురగవచ్చు. తాగితే ఎముకలకు, పళ్ళకు చేటు. నల్గొండ జిల్లా ప్రజలు తరతరాలుగా అనుభవించిన బాధ ఇటువంటి ఫ్లోరైడు నీటి వలననే. నురగను చూసి నీటి మంచిచెడ్డలు నిర్ణయించరాదు.

స్నానాలగదిలోని నీరు

ఇంతవరకు చెప్పినది సబ్బు చేసేటప్పటి నీటి గురించి. సబ్బు తన జీవితంలో కలుసుకునే నీటిలో ఇది స్వల్పభాగం. స్వేదనజలంతో శ్రద్ధగా చేసిన సబ్బు కూడా చివరకు ఇంటి కుళాయి నీటితోనే పని చేయాలి.

మళ్ళీ అదే 300 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసుకుందాం. 15 లీటర్ల బకెట్ నీటిలో బట్టలు నానవేసి సబ్బుతో ఉతకాలంటే, ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలు తీరేవరకు సుమారు 27 గ్రాముల సబ్బు తెట్టుగా మారిపోతుంది. ఆ తరువాతనే నిజమైన నురగ నిలుస్తుంది. సబ్బు గిన్నెలో గ్రాములో మూడోవంతు, బకెట్‌లో 27 గ్రాములు. కాఠిన్యం గురించిన చింత ఎక్కడ ఉండాలో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఈ సమస్యను తెలుగునాట పూర్వులు రసాయన శాస్త్రం చదవకుండానే ఎదుర్కొన్నారు. చాకిరేవులు చెరువుల వద్ద, కాలువల వద్ద వెలిశాయి. ఆ నీరు సాధారణంగా బావినీటి కంటే మృదువు. బట్టలకు వాడిన చౌడుమట్టిలోని సోడియం కార్బొనేట్ నీటిలోని కాల్షియంను ముందుగానే అవక్షేపంగా దించివేస్తుంది. తలస్నానానికి వాడిన కుంకుడుకాయలో నురగనిచ్చేవి సాపోనిన్లు. అవి సబ్బువలె కాల్షియంతో కలిసి తెట్టుకట్టవు. ఉప్పుబావి నీటిలోనూ కుంకుడురసం నురగడానికి కారణమిదే. కఠినజలం గల నగరాలలో ఇంటి సబ్బుతో తల రుద్దుకొని, జుట్టు బంకగా తయారైందని విచారించేవారు ఈ పాత వస్తువును తిరిగి తలచుకోవడం మంచిది.

సబ్బునే కఠినజలానికి తగినట్లు చేసుకునే మార్గాలూ ఉన్నాయి. కొబ్బరినూనె పాలు పెంచితే నురగ సులభమవుతుంది. పూర్వం నావికులు సముద్రపునీటిలో వాడిన సబ్బు కొబ్బరినూనెతో చేసినదే. మరొక మార్గం నిమ్మ ఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లం. సోడాతో కలిసి ఇది సోడియం సిట్రేట్‌గా మారి, కాల్షియంను, లోహాలను కొంతవరకు పట్టి ఉంచుతుంది. 500 గ్రాముల నూనెకు 5 నుంచి 10 గ్రాములు చాలు. అయితే 10 గ్రాముల సిట్రిక్ ఆమ్లం 6 గ్రాములకు పైగా కాస్టిక్ సోడాను తానే తీసుకుంటుంది. ఆ మేరకు సోడాను లెక్కకట్టి కలపాలి. అంగడి సబ్బులలో చాలావాటిలో ఇందుకోసమే ఇ.డి.టి.ఎ. వంటి పదార్థాలు ఉంటాయి. రసాయనాలు లేని సబ్బు అన్న గర్వంతో దీనిని నిషేధించుకోవడం వివేకం కాదు. కాస్టిక్ సోడా కూడా రసాయనమే, నీరూ రసాయనమే.

చర్మం గురించి చెప్పే మాటలు

సంఘాల వేడుకలలో అమ్మే సబ్బుల చీటీలపై “ఎగ్జిమాను పోగొట్టును”, “పవిత్రజలంతో చేసినది” వంటి మాటలు కనబడడం మొదలైతే, అది సరదా వ్యాపకం హద్దు దాటినట్లే. కఠినజలానికీ పిల్లల ఎగ్జిమాకూ సంబంధం ఉన్నదా అన్నది శాస్త్రజ్ఞులు నిజాయితీగా పరిశీలించిన విషయం. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో జరిపి 1998లో ప్రచురించిన పరిశీలనలో, కఠినజల ప్రాంతాలలోని ప్రాథమిక పాఠశాల పిల్లలలో ఎగ్జిమా ఎక్కువగా కనబడింది. షెఫీల్డ్‌లో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, కఠినజలంతో కడిగినప్పుడు శుభ్రపరచే పదార్థం చర్మంపై ఎక్కువగా మిగులుతుందని తేలింది. దీనిని బట్టి మృదుజలం వాడితే వ్యాధి తగ్గుతుందని ఎవరైనా ఊహిస్తారు. ఆ ఊహను పరీక్షించినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లలతో జరిపి 2011లో ప్రచురించిన ప్రయోగంలో, 12 వారాలపాటు ఇంట్లో మృదుజల యంత్రం పెట్టినా, మామూలు చికిత్సతో పోలిస్తే వ్యాధి తీవ్రతలో అదనపు మేలు కనబడలేదు.

ఇంటినిండా మృదుజలం ప్రవహించినా తగ్గని వ్యాధి, సబ్బులో 190 గ్రాముల ప్రత్యేకజలం పోసినంత మాత్రాన తగ్గుతుందని చెప్పడం ఎంతవరకు న్యాయం? అమెరికా చట్టంలో వ్యాధిని నయం చేస్తుందని చెప్పి అమ్మే సబ్బు సబ్బుగా కాక ఔషధంగా పరిగణింపబడుతుంది. చట్టం మాట అటుంచినా, ఒంటినిండా దద్దులతో రాత్రి నిద్రలేని బిడ్డ తల్లి ఆ చీటీని నమ్మి వైద్యుని వద్దకు వెళ్ళడం వాయిదా వేస్తే, ఆ ఆలస్యం బిడ్డకు బాధ. అటువంటి బిడ్డకు ఇంటి సబ్బు క్షారగుణం కూడా పడకపోవచ్చు. అమ్మేవారు తమ సబ్బులో ఏ నూనెలు ఉన్నాయో, ఏ నీరు వాడారో, ఎప్పుడు చేశారో రాస్తే చాలు. కొనేవారు అంతకు మించిన వాగ్దానాన్ని నమ్మకపోతే చాలు.

కొన్ని జాగ్రత్తలు

నీరు ఎంత శుద్ధమైనదైనా, సోడా కలిపే క్రమం తప్పితే అపాయం తప్పదు. చల్లని నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేసి కలపాలి. సోడాపైన నీరు పోయరాదు, అది ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెను క్షారం తినివేసి, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును వదులుతుంది. మంచి స్టీలు పాత్ర గాని, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ పాత్ర గాని వాడాలి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఒంటిపై చింది మండితే వెనిగర్ కోసం వెదకక, ధారగా పారే కుళాయి నీటితో చాలాసేపు కడిగి, వైద్య సహాయం పొందాలి. ఆ సమయంలో కఠినజలం, మృదుజలం అన్న భేదం లేదు. సోడా ద్రావణాన్ని మంచినీటి సీసాలో గాని గ్లాసులో గాని ఎన్నడూ ఉంచరాదు. అది చూడడానికి నీటివలెనే ఉంటుంది, పిల్లలకు తేడా తెలియదు.

పిల్లలకు సోడా దగ్గర పనిలేదు కాని, నీటిని పరీక్షించడంలో వారికి చోటు ఇవ్వవచ్చు. రెండు గాజు సీసాలు తీసుకొని, ఒకదానిలో స్వేదనజలం, రెండవదానిలో అంతే కుళాయి నీరు పోసి, రెంటిలోనూ ఒకే బరువు సబ్బు తురుము వేసి, మూతపెట్టి కుదిపితే, నురగలోని తేడా, అడుగున తెట్టు వారికే కనబడతాయి. స్కాట్లండుకు చెందిన థామస్ క్లార్క్ 19వ శతాబ్దంలో నీటి కాఠిన్యాన్ని కొలవడానికి వాడినది సబ్బు ద్రావణమే.

అమెరికాలో ప్రతి నగరపు నీటి సంస్థ ఏటా జూలై 1లోగా నీటి నాణ్యతా నివేదికను వినియోగదారులకు అందించాలి. కాఠిన్యం అంకె అందులో లేకపోతే ఆ సంస్థను అడిగితే చెబుతారు. బ్రిటన్‌లో పోస్టు కోడ్ చెబితే నీటి సంస్థలు కాఠిన్యం తెలుపుతాయి. ఆ అంకె తెలుసుకున్నవారు స్నానాలగదికి యంత్రం కావాలో వద్దో, సబ్బులో నిమ్మ ఉప్పు వేయాలో వద్దో తామే నిర్ణయించుకోగలరు. సబ్బు గిన్నెకు మాత్రం ఊరు ఏదైనా, దేశం ఏదైనా స్వేదనజలమే పోయాలి.